రాజలింగం కాక లేపిన ఓడ

పోయిన నెల ఇక్కడ ఒమాన్‌లో, అల్ ఖువైర్‌లోని ఆఫీసుకు వెళ్తుంటే కారు టైరు పంక్చరైంది. పక్క సందులోని పంక్చర్ కొట్టు ముందు లారీ ట్యూబొకటి ఎండలో ఆరేసినట్టు పడి ఉంది. దాని మీద చల్లిన తెల్లపొడి, కాగిన రబ్బరు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నవ్వు ఆగలేదు. కొట్టులో పనిచేసే బంగ్లాదేశ్ ఆయన నన్ను వింతగా చూశాడు. ఆయనకేం తెలుసు, అలాంటి ట్యూబునే నడుముకు వేసుకుని, మీసం దువ్వుకుని, పెళ్ళికి పోతున్నంత దర్జాగా పడవెక్కిన మా రాజలింగం కాక గురించి?

ఎనభయ్యో దశకం చివర్లో నేను ఖురియాత్ సైట్‌లో కూలిగా చేరినప్పుడు కాక మాకు మేస్త్రి. జగిత్యాల దగ్గరి మనిషి. యాభై దాటినా, ఇటుక వరుస వంకరపోతే ఇరవై అడుగుల దూరం నుంచే పసిగట్టేవాడు. ఇంటర్ పాసై వచ్చానని తెలిసి, నా పేరు అడగకుండానే నన్ను 'ఇంటర్' అని పిలవడం మొదలుపెట్టాడు. చివరిదాకా అదే నా పేరు. మా రూమ్‌ల మధ్య ఒక రేకుల షెడ్డు, అందులో ఒక టీవీ ఉండేవి. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పద్దెనిమిది మందిమి ఆ టీవీ ముందు చేరేవాళ్ళం. అప్పుడొక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. ఒక ముసలాయన, ఆయన మేనకోడలు పాత లిఫ్టు ఎక్కుతారు. అది అంతస్తులకు బదులు వెనకటి కాలాలకు పోతుంది. వారానికొక కాలం, వారానికొక గండం. మాటలు ఇంగ్లీషు, కింద అక్షరాలు అరబ్బీ. మాకు రెండూ రావు. కానీ మాకు కాక ఉన్నాడు.

కాక నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాడు. అందువల్ల అరబ్బీ అక్షరాలు చకచకా చదివేసేవాడు. టీవీ పక్కన స్టూలు వేసుకుని, కింద పరుగెత్తే అక్షరాలను గట్టిగా పైకి చదివి, వెంటనే మా భాషలో అర్థం చెప్పేవాడు. ముసలాయనకు 'పటేలు' అనీ, మేనకోడలికి 'లచ్చవ్వ' అనీ పేర్లు పెట్టాడు. "పటేలు ఏమంటున్నడంటే, ఓ లచ్చవ్వా, గీ రాజుతోని మనకెందుకే, సద్ది గట్టు పోదాం అంటున్నడు!" అనగానే షెడ్డంతా గొల్లుమనేది. అక్షరాలు చదవడం నిజమే. అర్థం మాత్రం ఆయన సొంతం. సైట్‌లో వాడే పాతిక ముప్ఫై మాటలు తప్ప ఆయనకు అరబ్బీ రాదు.

ఈ సంగతి నేను మూడో వారానికి కనిపెట్టాను. నాకున్న కాస్త ఇంగ్లీషుతో వింటుంటే తెరమీద ఒకటి, కాక నోట ఇంకొకటి. కుర్రతనం కదా, ఊరుకోలేక లేచి నిలబడి చెప్పేశాను, "కాకా, ఆమె గట్ల అనలే. తలుపు ఎటు దిక్కున్నదని అడిగింది, అంతే." కాక నావైపు చూసి, కోపం లేకుండా స్టూలు మీంచి లేచాడు. "అట్లనా? అయితే ఇయ్యాల నువ్వే జెప్పు తమ్మీ." నేను కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎక్కడికి పోతున్నావు అన్నాడు. తెలియదు అన్నది. సరే అన్నాడు." పది నిమిషాల్లో ముగ్గురు నిద్రపోయారు, ఇద్దరు బట్టలు ఉతుక్కోవడానికి లేచిపోయారు. నేనే స్టూలు తెచ్చి మళ్ళీ కాకకు ఇచ్చాను. అయితే ఆ రోజు నుంచి ఆయన ఎక్కడైనా మరీ ఆకాశానికి ఎగిరితే వారగా నావైపు చూసి కన్ను గీటేవాడు.

అలా నడుస్తుండగా ఒక శుక్రవారం పటేలు, లచ్చవ్వ టైటానిక్ ఓడలో దిగారు. అంతటి ఓడను మావాళ్ళెవరూ చూసి ఉండలేదు. మెట్లు, దీపాలు, బాజాలు చూసి నోళ్ళు తెరిచారు. ఓడ వెళ్ళి మంచుకొండను గుద్దుకుంది. అక్కడ మాత్రం కాకకు కూడా చిక్కొచ్చింది. ఎంత చెప్పినా మంచుకు ఇనుము చిరుగుతుందని ఎవరూ ఒప్పుకోలేదు. "చేపల మార్కెట్ల దినాం ఐసు జూస్తలేమా కాకా? ఎండకు గంటల నీళ్ళయితది," అన్నాడొకడు. చివరికి కాక దాన్ని సున్నం కొట్టిన గుట్ట అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఓడలోకి నీళ్ళు వస్తుండగా ఆ వారం కథ ఆగిపోయింది. మిగతాది వచ్చే శుక్రవారం.

మరుసటి రోజు ఇంజనీరు కబురు తెచ్చాడు. ఖురియాత్‌కు దక్షిణాన కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న ఊళ్ళో బడి కట్టాలి. బండ్లు పోయే దారి సరిగ్గా లేదు. వచ్చే శనివారం అందరూ పడవలో వెళ్ళాలి. వినగానే గంగారాం తాపీ కింద పడేశాడు. పేరులో గంగ ఉన్నా అతనికి నీళ్ళంటే చచ్చేంత భయం. స్నానం కూడా బకెట్‌కు ఒక గజం దూరంలో నిలబడి చేసేవాడు. "నేనెక్క. పెద్ద ఓడకే గట్లయింది, మనది చేపల పడవ. సంపుతరా నన్ను?" అన్నాడు. ఎక్కని వాడి వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతానన్నాడు ఇంజనీరు. వీసా కోసం రెండేళ్ళు కాచుకుని వచ్చినవాడు గంగారాం. ఊళ్ళో అతని ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. అన్నం ముందు పెట్టుకుని కలుపుతూ కూర్చునేవాడు, తినేవాడు కాదు. నవ్వులాటగా మొదలైంది కాస్తా మాకందరికీ బెంగైంది.

బుధవారం పొద్దున కాక నన్ను సిమెంటు బస్తాల వెనక్కి పిలిచాడు. "నిజం జెప్పు ఇంటర్. గా ఓడ కతనా, నిజంగ అయిందా?"

"అయింది కాకా. వెనకట నిజంగనే మునిగింది. శానమంది పోయిన్రు."

"ఎందుకు? చిన్న పడవలుండె గద దాంట్ల?"

"ఉన్నయి కాకా. సగం మందికే ఉన్నయట."

కాక ఒక సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, "మంది ఎక్కేటప్పుడు ఒక్కడన్న లెక్క వెట్టలేదా?" అంత ఓడ కట్టినవాళ్ళ మీద ఆయనకు వచ్చిన కోపం, మావాడు ప్లంబ్ గుండుతో నిలువు చూసుకోకుండా గోడ లేపితే వచ్చే కోపమే. తలకు తువాలు చుట్టుకుని నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. "సాబ్, పద్దెనిమిది ఆద్మీ, పద్దెనిమిది జాకెట్. జాకెట్ నహీ తో కోయీ నహీ జాయేగా," అన్నాడు, నీళ్ళలో తేలే జాకెట్లు లేకపోతే ఎవరూ పడవెక్కరని. ఇంజనీరు నవ్వాడు, కసిరాడు, నిన్ను కూడా పంపిస్తానని బెదిరించాడు. కాక కదల్లేదు. "పంపుండ్రి సాబ్. గోడ ఎవలు లేపుతరో జూస్త," అని తెలుగులోకి దిగిపోయాడు. మలయాళీ ఇంజనీరుకు మాట అర్థం కాకపోయినా మనిషి అర్థమయ్యాడు.

శుక్రవారం వచ్చింది. గంగారాం అందరికంటే ముందు కూర్చున్నాడు. తెరమీద పటేలు ఓడ కెప్టెన్‌ను బతిమాలుతున్నాడు, ఎవరూ వినడం లేదు. కాసేపటికి ఓడ ముక్కు నీళ్ళలోకి పోయి, తోక ఆకాశంలోకి లేచింది.

"లేపుతున్నరు!" అని అరిచాడు కాక. "చూసిన్రా, క్రేన్ వెట్టి లేపుతున్నరు!"

"క్రేనేది కాకా?"

"పైన ఉంటది బిడ్డా. గంత పెద్ద క్రేను టీవీల పడుతదా?"

ఓడ నెమ్మదిగా నీళ్ళలోకి జారిపోయింది. కాక ఆగలేదు. "ఇగ దించుతున్నరు. తూటు కింది దిక్కున్నది గద, కిందికెల్లి వెల్డింగ్ జెయ్యాలె." చిన్న పడవల్లో జనం ముడుచుకుని ఏడుస్తున్నారు. "వాళ్ళెందుకు ఏడుస్తున్నరు మరి?" అన్నాడు గంగారాం. "వెల్డింగ్ అయ్యేదాక బయట కూసుండాలె. డ్యూటీ లేటయితది. ఏడ్వరా?"

గంగారాం తల తిప్పి నన్ను చూశాడు. "ఇంటర్, నువ్వు జెప్పు. నీకు అబద్ధమాడ రాదు. నిజమేనా?" పదహారు మంది నావైపు తిరిగారు. కాక మాత్రం తిరగలేదు. కన్ను గీటలేదు. టీవీలోకే చూస్తున్నాడు.

"నిజమే," అన్నాను. "క్రేనే."

శనివారం పొద్దున జాకెట్లు వచ్చాయి, పదిహేడు. ఇంజనీరు పడవ వాళ్ళ దగ్గరా, చేపల వాళ్ళ దగ్గరా అడిగి పోగుచేశాడట. కాక ఒక్కొక్కరికీ తన చేత్తో తొడిగి, ముళ్ళు లాగి చూశాడు. గంగారాం జాకెట్‌కైతే మూడుసార్లు ముడి వేశాడు. తనకు మిగల్లేదు. రేవుకు ఎదురుగా ఉన్న పంక్చర్ కొట్టుకు పోయి లారీ ట్యూబు గాలి కొట్టించుకుని వచ్చాడు. అది నడుముకు వేసుకుని పడవలోకి దిగే సందులో పట్టక ఇరుక్కుంటే, ఒమానీ పడవాయన, నేను చెరో పక్కా పట్టి లోపలికి తోశాం. సముద్రం ఆ రోజు పళ్ళెంలో నీళ్ళలా ఉంది. గంగారాం దారి పొడవునా కళ్ళు మూసుకుని ట్యూబు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క కాకకే వాంతులయ్యాయి.

ఆ ఊళ్ళో ఏడాది ఉన్నాం. చేపలు పట్టే ఒమానీలు గంగారాంకు ఈత నేర్పారు. తొంభైల చివర్లో, టైటానిక్ సినిమా పేరు ప్రతి కొట్లో, ప్రతి నోట వినబడుతున్న రోజుల్లో, అతను ఇబ్రిలో ఇంకో కంపెనీలో ఉన్నాడు. అసలు సంగతి అతనికి అప్పుడు తెలిసింది. ఒక శుక్రవారం బస్సెక్కి మా రూమ్‌కు వచ్చాడు. కాక పని మానేసి ఊరికి పోవడానికి పెట్టె సర్దుకుంటున్నాడు. గంగారాం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కాకా, క్రేనేడ వాయె?"

కాక తల కూడా ఎత్తలేదు. "ఆర్డర్ వెట్టిన్రు బిడ్డా. ఇంకా రాలె."

ముగ్గురం నవ్వి నవ్వి కూలబడ్డాం. నవ్వు తగ్గాక గంగారాం అడిగాడు, "మునిగిందని జెప్తే ఎక్కకపోదునని అబద్ధం జెప్పినవు. మరి నాకేమన్న అయితే?"

"నువ్వు నమ్మినవ్, పడవెక్కినవ్," అన్నాడు కాక, బట్టలు మడుస్తూ. "నేను నమ్మలే. గందుకే జాకెట్ తెప్పిచ్చిన."

కాక ఇప్పుడు లేడు. నేను అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో, కాగితాల పని మీద వచ్చే మనవాళ్ళకు అరబ్బీ మాటను తెలుగు చేసి చెప్పే ఉద్యోగంలో ఉన్నాను. నేను క్రేన్లు కలపను. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చెబుతాను. మొన్న కడప నుంచి వచ్చి ఇంటిపని చేసే ఒకామె తన పాస్‌పోర్టు ఏమైందోనన్న భయంతో వచ్చి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. గుమాస్తా తల ఎత్తకుండానే "ఏం ఫర్వాలేదని చెప్పు" అన్నాడు. నేను ఆ మాట చెప్పలేదు. ఆమెను కూర్చోమని లోపలికి వెళ్ళి, బీరువా తీయించి, పాస్‌పోర్టు మీద ఆమె ఫోటో నా కళ్ళతో చూసి వచ్చాను. అప్పుడు చెప్పాను, ఏం ఫర్వాలేదమ్మా అని.

"నిజంగానేనా అన్నా? ఊరికే ధైర్యానికి చెప్తాండావా?" అంది.

"చూసొచ్చి చెబుతున్నానమ్మా," అన్నాను.