షాంపేన్‌కు సాక

మార్కాపురంలో నాది పలకరాయి వ్యాపారం. హైదరాబాదు పొలిమేరలో ఉన్న ఒక గుర్రపు స్వారీ క్లబ్బుకు మా రాయే పరిచాం. మొన్న చలికాలంలో వాళ్లు గుర్రాల పోటీ పెట్టి, ఇద్దరిని రమ్మని నాకు ఆహ్వానం పంపారు. తాగేచోటికి రానని నా భార్య తెగేసి చెప్పింది. దాంతో మా నాయనను వెంటపెట్టుకుపోయాను.

నాయన ముప్పై ఏళ్లు స్టేషన్ నుంచి ఊళ్లోకి జట్కా తోలాడు. ఆటోలు వచ్చాక గుర్రాన్ని అమ్మేశాడు. ఆ తర్వాత ఏ గుర్రం మీదా చెయ్యి వేసింది లేదు. కారెక్కింది మొదలు ఆయనకు ఒకటే ధ్యాస. "ముట్టుకోనిస్తారంటావా?" అని దోర్నాల దాటకముందే రెండుసార్లు అడిగాడు. నా ధ్యాస వేరు. క్లబ్బువాళ్లు ఇంకో భవనం కడుతున్నారు. దానికీ మా రాయే తీసుకుంటారో లేదో ఆ రోజు చెప్తానన్నాడు మేనేజరు.

మా రాయి పరిచిన వరండాలోనే మాకు బల్ల వేశారు. ఎదురుగా పచ్చిక మీద గుర్రాలు కొయ్య అడ్డాలు దూకుతున్నాయి. దీనికి కళ్లెం లాగితే కోపం, అది ఎడమకు గుంజుతుంది అని నాయన నడక చూసే చెప్పేస్తున్నాడు. ఇంతలో పొడుగాటి సన్న గ్లాసుల్లో షాంపేన్ వచ్చింది. ఫ్రాన్సు నుంచి తెప్పించిందట. చల్లగా, పచ్చి ద్రాక్ష కొరికినంత పులుపు, మింగాక కాల్చిన రొట్టె వాసన. నాకు బాగా నచ్చింది, దాచడమెందుకు.

నాయన తాగలేదు. వంగి, గ్లాసులోది కొంత నేల మీద వొంపాడు. మా వైపు పెద్దవాళ్లు అమ్మవారి పేరున కొంత నేలకు సాక పోయనిదే గొంతు తడుపుకోరు. వెయిటరు ఒలికిందనుకుని పరుగున వచ్చి తుడిచి, కొత్త గ్లాసు పెట్టాడు. గ్లాసు కొత్తది కాబట్టి నాయన మళ్లీ సాక పోశాడు. వెయిటరు మళ్లీ తుడిచాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మూడో గ్లాసులోదీ నాయన వొంపుతుండగా మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

అంతమంది దొరబాబుల మధ్య సాక సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది. పెద్దాయన కదండీ, చేతులు వణుకుతాయి అన్నాను, నాయనకు వినపడకుండా. మేనేజరు జాలిగా తలూపి వెళ్లాడు. నాయన మిగిలింది తాగి, పొద్దుటి ఈతకల్లు మాదిరి ఉందని మెచ్చుకున్నాడు.

పోటీ అయ్యాక, అతిథులు వచ్చి గుర్రాలకు క్యారెట్లు పెట్టొచ్చని మైకులో చెప్పారు. అందరికంటే ముందు నాయన లేచాడు. కంచె అవతలి నుంచి ఒక ఎర్ర గుర్రం మెడ చాచింది. నాయన చెయ్యెత్తేలోగా మేనేజరు వచ్చి మర్యాదగానే భుజం పట్టుకున్నాడు.

"మీకు చేతులు వణుకుతాయట కదండీ. గుర్రం బెదురుతుంది. ఇక్కణ్ణుంచే చూడండి."

నాయన నా వైపు చూశాడు. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. ఈలోగా మేనేజరు కొత్త భవనానికీ మీ రాయే అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. పక్కన ఎవరో ఒకావిడ ఆ గుర్రం నుదురు నిమురుతూ ఫోటో దిగింది. నాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

తిరుగుదారిలో టీ దుకాణం దగ్గర ఆగాం. నాయన టీ తాగేసి, గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ నా ముందుకు చాపాడు.

"నాకు తెలుస్తా లేదేమో. నువ్వు చూసి చెప్పు, వణుకుతాండాయా?"

పగ్గాలు పట్టి కాయలు కాసిన చేతులు. కదలకుండా ఉన్నాయి. లేదు నాయనా అన్నాను.

"మరి ఆయప్ప అట్లెందుకన్నాడు?"

అతనికి ఆ మాట చెప్పింది నేనేనని ఇంతవరకు చెప్పలేదు. నాయన ఆ రోజు నుంచి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు.