దీపం పక్క చోటు

కదిరికి నడిచిపోయేవాళ్లు రాత్రిపూట దిగే షెడ్లలో కొన్ని మర్యాదలుంటాయి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ, తప్పినవాడు మాత్రం అందరికీ తెలిసిపోతాడు. గురకపెట్టేవాళ్లు తమంతట తామే ఒక చివరకు పోవాలి. ఉన్న ఒక్క ప్లగ్గు పన్నెండు ఫోన్లకు సరిపోవాలి కాబట్టి, రెండు గీతలు ఛార్జి ఎక్కగానే మనది పీకి పక్కవాడిది పెట్టాలి. స్వామి పటం ముందు వెలిగించే దీపం వైపు కాళ్లు చాపకూడదు. వయసులో పెద్దవాళ్లకు దీపం పక్కన, గోడవార చోటివ్వాలి. చిన్నవాళ్లూ ఆలస్యంగా వచ్చినవాళ్లూ వాకిలి దగ్గర సర్దుకోవాలి. అన్నిటికంటే గట్టిది, పడుకున్న మనిషిని దాటకూడదన్నది. అందరూ నడుం వాల్చాక లోపలివాడు లోపలే, బయటివాడు బయటే.

మార్కండేయన్న ప్రాణం మీదికి తెచ్చినవి ఈ మర్యాదలే. అందులో ఒకటి నేను పాటించింది.

ఆయనది ధర్మవరంలో మా వీధే. అరవై ఒకటో ఏడు. నలభై ఏళ్లకు పైగా గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేశాడు. మగ్గం మీద కూర్చున్నవాడు ఊరికే లేవడు. లేస్తే చేతివాటం తప్పుతుందని భయం. ఒంటికి వచ్చినా బిగబట్టి, ఈ బుటా అయినంక పోదాంలే అనుకునేవాడు. ఆ బుటా అయ్యాక ఇంకో బుటా ఉండేది. పోయిన దీపావళి ముందు ఆ రావడమే ఆగిపోయి, మనిషి మెలికలు తిరిగిపోతుంటే అనంతపురం తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ఆయన బల్ల మీద ఉన్నంతసేపూ భార్య భద్రమ్మ బయట వరండాలో కూర్చుని మొక్కుకుంది. మనిషి బాగై ఇల్లు చేరితే, ఈ ఏడు కదిరి తేరుకు ఆయన్ను నడిపించి పంపుతానని.

మనిషి ఇల్లు చేరాడు. అయితే, అదివరకు రానిది ఇప్పుడు ఆగడం లేదు. పగలు ఎలాగో కాచుకునేవాడు, నిద్రపడితే మాత్రం ఆయన చేతిలో లేదు. కొన్ని నెలల్లో కుదురుకుంటుందని డాక్టరు చెప్పాడు. ఆ నెలలు గడిచేలోపే ఫాల్గుణం వచ్చేసింది. నాకింకా బాగాలేదు, పోలేను అంటే, నీ మొక్కు స్వామి వినలేదని భద్రమ్మ మొహం మీద చెప్పినట్టే. రోజూ తెల్లవారుజామున లేచి తన చాప తానే కడుక్కుంటూ, అది ఆమెకు తెలియదని నమ్మిన మనిషి ఆ మాట ఎట్లా అంటాడు? సరేనన్నాడు. దారిలో మూడు రాత్రులు. అంతమంది మగవాళ్ల మధ్య ఆ మూడు రాత్రులు బయటపడకుండా గడిపితే, నాలుగో రోజు స్వామి ముందు నిలబడతాడు. అదీ ఆయన పెట్టుకున్న ఆశ.

మా గుంపులో పన్నెండు మందిమి. గుంపుకు పెద్ద గంగాధరప్ప, పట్టుచీరల వ్యాపారి. ఎవరు ముందు నడవాలో, ఎవరు ఎక్కడ పడుకోవాలో ఆయనే చెబుతాడు. మడి ఎక్కువ, పక్కవాడు తుమ్మినా కాళ్లు కడుక్కునే రకం. మొదటి సాయంత్రం మేం దిగిన రేకుల షెడ్డులో ఆయన మార్కండేయన్నకు దీపం పక్కన చోటు చూపించాడు. అన్న తనకు ఉక్కపోత పడదని చెప్పి వాకిలి దగ్గరే చాప పరిచాడు. గురక మర్యాద ప్రకారం అదే చివరకు వచ్చిన నేను ఆయన పక్కన పడ్డాను.

ఇంకా వెలుగు రాకముందే మెలకువ వచ్చింది. నా దుప్పటి తడిగా ఉంది. నలభై తొమ్మిదేళ్లవాడికి ఆ క్షణంలో ఎలా ఉంటుందో చెప్పలేను. ఊపిరి బిగబట్టి నన్ను నేను తడుముకున్నాను. నా లుంగీ పొడిగానే ఉంది, తడి ఎడమపక్క నుంచి వచ్చింది. సిగ్గులేకుండా సంతోషించాను. ఎడమపక్క చాప అప్పటికే లేదు. మార్కండేయన్న డ్రమ్ములోంచి బిందెతో నీళ్లు తెచ్చి వాకిలి నుంచి మా కాళ్ల దాకా చల్లుతున్నాడు, వెంటనే చీపురుతో తోస్తున్నాడు. నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను. చూసింది చూడనట్టుండటం కూడా షెడ్డు మర్యాదే. నేను పాటించానన్నది దాన్నే. అప్పటికి నా అంత పెద్దమనసు ఇంకెవరికీ లేదనిపించింది.

కడిగిన గచ్చు చూసి గంగాధరప్ప కరిగిపోయాడు. అరవై దాటిన మనిషి అందరికంటే ముందు లేచి స్వామి వాకిలి కడుగుతుంటే, మనం పీనుగుల్లా పడుకున్నామని అందర్నీ తిట్టాడు. ఆ రోజు దారి పొడుగునా అదే మాట. ఇద్దరు ముగ్గురు అన్న కాళ్లకు మొక్కారు. ఆయన కాళ్లు వెనక్కి లాక్కుంటే, అది వినయమనుకుని మళ్లీ మొక్కారు.

రెండో రాత్రి ముదిగుబ్బ పక్కన దిగాం. ఆ షెడ్డు చూసుకునే ఓబమ్మ మేం మూటలు దించకముందే చెప్పింది. ట్యాంకరు రాలేదు, డ్రమ్ములో ఉండేవి తాగే నీళ్లు, మనిషికి చెంబు దాటితే తానే చేయి పట్టుకుంటానని. అన్న మొహం మాడిపోవడం నేను చూశాను. అయినా చాప చుట్ట పట్టుకుని వాకిలి వైపే పోతుంటే గంగాధరప్ప అడ్డం వచ్చాడు.

"నీ అంతటోడు వాకిట్లో పండుకుంటే ఆ పాపం మాకు సుట్టుకుంటాదన్నా. దీపం కాడికి రా."

వద్దప్పా, వద్దప్పా అంటున్నా వినకుండా చాప లాక్కుపోయి గోడవార పరిచాడు. అన్నకూ వాకిలికీ మధ్య పదకొండు మందిమి వరసగా పడుకున్నాం. ఒక్కర్ని కూడా దాటకూడదు.

ఆ రాత్రి అన్న ఒళ్లు వాల్చలేదు. గోడకు వీపు ఆనించి, మఠం వేసుకుని, దీపం వైపు చూస్తూ కూర్చున్నాడు. తల వాలినప్పుడల్లా తొడ గిల్లుకోవడం ఈ చివర నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. పొద్దున గంగాధరప్ప అందరికీ చెప్పాడు, అన్న రాత్రంతా ధ్యానంలో ఉన్నాడని. ఇక దీపం పక్క చోటు ఆయనకు రాసిచ్చేసినట్టే.

మూడో రోజు నుంచి ఆయన నీళ్లు మానేశాడు.

దారిలో ఎవరో పుణ్యాత్ములు మజ్జిగ పందిరి వేశారు. మేం గ్లాసు మీద గ్లాసు తాగుతుంటే, అన్న తన గ్లాసు తీసుకుని కంపచెట్ల వెనక్కి పోయాడు. నేను తొంగిచూశాను. మజ్జిగంతా నేల మీద పోసి, తాగినట్టు కనపడటానికి గ్లాసు అంచుతో పెదవులు తడుపుకున్నాడు. కనుచూపు మేర ఎండిన చేలు, కంపచెట్లు తప్ప నీడనిచ్చే చెట్టు లేదు, తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఈ నేల మీద పుట్టినవాడెవడూ తాగేదాన్ని మట్టిపాలు చేయగా నేను చూడలేదు. నోరు తెరవబోయాను. అన్న మీసాలకు మజ్జిగ అంటలేదే అని ఒక ఎగతాళి మాత్రం చేశాను. ఆయన బెదిరిన కళ్లతో నన్ను చూసి, మీసాలు తుడుచుకున్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆయన నా పక్కన నడవలేదు.

ఆ రాత్రి ఇంకో షెడ్డు, ఇంకో దీపం. మళ్లీ అక్కడే కూర్చోబెట్టారు, మళ్లీ అట్లాగే కూర్చున్నాడు.

నాలుగో రోజు పది గంటలకు, కదిరి ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా, అన్న రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూలబడ్డాడు. గుంపు ముందుకు పోయింది. వెనకబడింది నేనొక్కడినే. మొహాన చెమట చుక్క లేదు, ఒళ్లు కాలుతోంది, నాలుక మందంగా తిరుగుతోంది. నా సీసా మూత తీసి నోటి దగ్గర పెడితే చేత్తో తోసేశాడు.

"గుడి కాడికి పోయినంక తాగుతా."

"గుడి దాకా నువ్వు రావన్నా. తాగు."

"నీకు తెలీదప్పా."

"తెలుసు. మొదటి దినమే తెలుసు. నా దుప్పటి గూడా తడిసింది."

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం రావడానికి కూడా ఒంట్లో సత్తువ కావాలి, అది ఆయన దగ్గర లేదు.

"తెలిసి, రెండు దినాలు నన్ను ఎండగట్టినావా?" అన్నాడు. "ఆ పొద్దే చెప్పింటే తాగుతాంటి గదప్పా."

సీసా అందుకోబోయి పక్కకు ఒరిగిపోయాడు. నోట్లో పోసిన నీళ్లు పెదవుల పక్కనుంచి కారిపోయాయి.

నా కేకలకు గుంపంతా వెనక్కి వచ్చింది. అన్నను అంబులెన్సులో కదిరి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎప్పటినుంచి నీళ్లు తాగలేదని డాక్టరమ్మ అడిగితే ఎవరికీ తెలియదు. నేను చెప్పాను. ఎందుకని అడిగింది. అదీ చెప్పాల్సి వచ్చింది, గుంపంతా వింటుండగానే. ఆమె మొహం ముడుచుకుంది. కిడ్నీలు పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే ముందు ఆయన ఒంటికి పోయాలంది. ఆ ఆపరేషన్ అయిన మనిషికి ఇక్కడ గొట్టం వేయలేమని, సెలైన్ ఎక్కిస్తూ సాయంత్రం ఐదు దాకా చూస్తామని, అప్పటికీ రాకపోతే అనంతపురం పంపాలని, దారిలో ఏమవుతుందో చెప్పలేనని చెప్పింది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. మాలో ఒకడు, స్వామి దీపం దగ్గరనా ఇదంతా, అని నసిగాడు. గంగాధరప్ప తల ఎత్తకుండానే అన్నాడు:

"నోరు మూయ్. ఆడ కూసోబెట్టింది నేను. ఆయన రానంటాంటే సాప గుంజకపోతినే."

ఏది జరగకూడదని ఒక మనిషి రెండు రోజులు చావుకు తెగించాడో, అది జరగాలని పదకొండు మందిమి ఆ మెట్ల మీద దేవుళ్లందరికీ మొక్కాం. పన్నెండయింది, ఒకటయింది. రెబెకా అనే నర్సు తలుపు తీసుకుని వచ్చినప్పుడల్లా అందరం లేచి నిలబడేవాళ్లం. ఆ మాట నోటితో పలికితేనే మైల అనుకునే గంగాధరప్ప, వార్డంతా వినపడేట్టు అడిగేవాడు, సిస్టర్, పోసినాడా అని. ఆమె తల అడ్డంగా ఊపి లోపలికి పోయేది. రెండు సీసాలు ఎక్కాయి. మూడోది తగిలించారు. మూడు గంటలకు గంగాధరప్ప నూటొక్క టెంకాయ మొక్కుకున్నాడు. దేనికని పూజారికి చెప్పాలో ఎవరూ ఆలోచించలేదు. మూడున్నరకు అన్న కాళ్లు ఉబ్బుతున్నాయని రెబెకా చెప్పింది.

ఒంటికి రావడం లేదని మాత్రం ఫోనులో చెప్పాం, నాలుగు దాటాక భద్రమ్మ బస్సు దిగి వచ్చింది. ఎట్లా మొదలుపెట్టాలా అని నేను గొంతు సవరించుకుంటుంటే ఆమె ఆగలేదు.

"తడిపినాడా లేదా, అది చెప్పప్పా."

లేదన్నాను. ఆమె మా పక్కనే మెట్టు మీద కూర్చుంది. దీపావళి దాటినప్పటి నుంచి రోజూ ఆయన చాప కడిగే చప్పుడు వింటూనే ఉన్నానని, లేస్తే సిగ్గుపడతాడని కళ్లు మూసుకుని పడుకునేదాన్నని చెప్పింది. ఈ ఏడు పోవద్దు అందామనుకుందట. అంటే, తెలుసని చెప్పినట్టవుతుందని ఊరుకుందట. నేను తల దించుకున్నాను.

రెబెకా ఆమెను ఒక్కదాన్నే లోపలికి పంపింది. కిటికీ రెక్క తెరిచే ఉంది. అన్న ఆమెను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె మంచం పక్కన కూర్చుని, ఆయన పొట్ట మీద చేయి వేసి, చెవి దగ్గర వంగింది.

"నాకు తెలుసులే. ముందునుంచీ తెలుసు. నేను ఈడనే ఉండా, కానీయ్."

ఆయన కదల్లేదు. ఆమె చేయి తీయలేదు. గోడ గడియారం నాలుగున్నర దాటింది. అనంతపురం పోవడానికి బండి వచ్చి వాకిట్లో ఆగింది. డ్రైవరు దిగి, పేషెంటు ఎవరని అడుగుతున్నాడు. ఐదుకు పది నిమిషాలుందనగా రెబెకా బయటికి వచ్చింది. ఈసారి మేం లేవడానికి కూడా భయపడ్డాం.

"తడిపినాడు," అంది. "పరుపు దాకా."

గంగాధరప్ప లేచి ఆమెకు దండం పెట్టాడు. తర్వాత ఏం చేయాలో తెలియక డ్రైవరుకు కూడా పెట్టాడు.

రంగు ముదురుగా ఉంది గానీ వస్తోంది, అది చాలు, రాత్రంతా కనిపెట్టి ఉండాలని డాక్టరమ్మ చెప్పి బండిని వెనక్కి పంపేసింది. మిగిలిన ఎనిమిది కిలోమీటర్ల సంగతి ఎవరో ఎత్తితే, స్వామి యాడికీ పోడులే అంది భద్రమ్మ. ముందు ఒక పొడి పంచ కావాలంది. దర్శనానికి కట్టుకోవడానికని ప్రతివాడి సంచిలోనూ మడత విప్పని పంచ ఒకటుంటుంది. అందరికంటే ముందు గంగాధరప్ప తనది తీసి లోపలికి పట్టుకుపోయాడు. జరీ అంచు పట్టుపంచ. మార్కండేయన్న సూది లేని చెయ్యి చాపి ఆ అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. పొద్దుటి తర్వాత ఆయన మాట్లాడటం అదే మొదలు.

"ఇది పట్టుదప్పా. మరక పడితే పోదు. నూలుది ఉంటే ఈ."

అందరం సంచులు విప్పాం. నూలుపంచలు తొమ్మిది తేలాయి. చీకటి పడేలోపు వాటిలో నాలుగు తడిశాయి. వార్డు వెనక కొళాయి దగ్గర గంగాధరప్పా నేనూ చెరో కొస పట్టుకుని వాటిని పిండుతుంటే రెబెకా వచ్చి, ఇంకెన్ని ఉన్నాయని అడిగింది. ఐదున్నాయన్నాం.

చాలవేమో, అంది.