సూర్యుడికి గుడి కడితే

ఈమధ్య డాబాల మీద మనిషి నిలబడ్డానికి చోటుండడం లేదు. నీళ్ళ ట్యాంకు, టీవీ గొడుగు, విరిగిన కుర్చీ పోగా మిగిలిన మూల మనది. ఆకాశం చూసే అలవాటున్నవాడికి ఇది కొంచెం ఇబ్బంది.

ఎనభైల మొదట్లో అంబాజీపేటలో మా డాబా నిండా కొబ్బరి చిప్పలు ఎండుతుండేవి. పక్కింటి డాబా మీదా అవే. మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ. సూర్యుడి చుట్టూ వెలుగు వలయం కనబడితే "గుడి కట్టింది" అనేవారు. ఇక వాన తప్పదని రెండిళ్ళవాళ్ళూ తట్టలతో పైకి పరిగెత్తడం ఆనవాయితీ. మా ఇంటి నుంచి నేను. వాళ్ళింటి నుంచి, నర్సు ట్రైనింగయ్యి గల్ఫు వీసా కోసం చూస్తున్న వాళ్ళమ్మాయి.

వాన చాలాసార్లు వచ్చేది కాదు. నాకేమీ ఫిర్యాదు లేదు.

ఉద్యోగం లేని ఫిజిక్సు డిగ్రీవాణ్ణి. ఉన్న ఆస్తి అదే గనక అదే పరిచేవాణ్ణి.

"అంత పైన మంచు పలుకులుంటాయండి. వాటిలోంచి వెలుగు వంగి వస్తుంది."

"మంచాండి? ఈ ఎండలోనా?"

"ఆయ్. పైన చల్లగానే ఉంటుందండి."

"వెళ్ళొచ్చినట్టే చెబుతారండి మీరు."

నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడగాలని ఉండేది. అది మాత్రం వచ్చే గుడికి వాయిదా పడేది. తెల్లారి లేస్తూనే ఆకాశం చూస్తుంటే, కొబ్బరి మీద శ్రద్ధ పుట్టిందని మా నాన్నగారు సంతోషించేరు.

ఒక సాయంత్రం గుడితోపాటు సూర్యుడికి అటొకటీ ఇటొకటీ చిన్న సూర్యుళ్ళు వెలిగేయి. అసలు సూర్యుడి వైపు అంచు ఎర్రగా, అవతల తెల్లగా. పుస్తకంలో తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ పైకొచ్చింది. చేతిలో తట్ట లేదు. వాళ్ళ చిప్పలు అప్పటికే అమ్మేసేరు.

"వీసా వచ్చిందండి. ఎల్లుండి బొంబాయి, అక్కణ్ణించి కువైట్." ఆకాశంకేసి చూసి, "ఇందులో అసలు సూర్యుడేదండి?" అంది.

మధ్యదని చెప్పేను. పక్కవి ఎందుకొస్తాయో, ఏ కోణంలో వస్తాయో కూడా చెప్పేను. ఎడమవైపుది ఆరిపోయింది. కుడివైపుదీ పోయింది. నా దగ్గర ఇంకా కొంత ఫిజిక్సు మిగిలే ఉంది.

ఆవిడ చివరిదాకా వింది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"గుడి కట్టినప్పుడల్లా నేనే ఎందుకొచ్చేననుకున్నారు? చిప్పలెత్తడానికి మా ఇంట్లో ముగ్గురన్నయ్యలున్నారండి."