నాంచారం అనే మాట

మా చివ్వెంలలో ఎవరైనా అవసరానికి మించి కరిగిపోతే, "ఏందే ఆ నాంచారం?" అంటారు. టీవీ సీరియల్ చూసి ముక్కు చీదినా నాంచారమే, అమ్మేసిన గొర్రెను తలుచుకుని అన్నం మానేసినా నాంచారమే. చిన్నపిల్లలు అదేదో పాతకాలం మాట అనుకుంటారు. నిజానికి అది నాకంటే చిన్నది. మా పక్కింటి నాంచారమ్మ పేరు మీద పుట్టింది.

ఆమె, భర్త పరశురాములు గొర్లు కాసుకుని బతికేవాళ్లు. ఒకసారి మా వాడలో యశోద పెళ్లయింది. అప్పగింతలప్పుడు పెళ్లికూతురి చేతిని పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడతారు. యశోద తల్లి ఇంకా పాలపళ్లెం వెతుకుతూనే ఉంది, నాంచారమ్మ పందిరి గుంజ పట్టుకుని ఏడుపు అందుకుంది. పెళ్లికొడుకు ఆమే తన అత్త అనుకుని కాళ్లు మొక్కాడు. ఆమె ఏడుస్తూనే దీవించింది! ఆ సాయంత్రానికే ఊళ్లో మాట పుట్టింది.

2009లో ఆమె కూతురు కల్పనకు కోదాడ సంబంధం కుదిరింది. అప్పటికి నేను బడి మానేసి మిషను కుడుతున్నాను. జాకెట్ కొలతలివ్వడానికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చిన కల్పన, అక్కడే గట్టిగా చెప్పింది.

"అమ్మా, కోదాడోళ్ల ముందర గా మాట నా చెవిన పడొద్దు. నువ్వు ఏడిస్తే నా మీద ఒట్టు."

"గట్లనే బిడ్డా," అంటూనే నాంచారమ్మ కొంగు కళ్ల దగ్గరికి తీసుకుపోయింది.

"సూడు, గిప్పుడే మొదలువెట్టినవ్!"

అప్పగింతల వేళ ఆమె ఒట్టు తప్పలేదు. పెదవులు బిగించి, పందిరి ఆకులు చూస్తూ ఒక పక్కన నిలబడింది. కల్పన మేనత్త మాత్రం గొల్లుమంది. కోదాడ అత్తగారు నేరుగా ఆ మేనత్త దగ్గరికే వెళ్లి చేతులు పట్టుకుంది.

"ఊరుకోండి వదినగారూ. మీ అమ్మాయిని మా పిల్లలాగే చూసుకుంటాం."

కల్పన ముఖం మారిపోయింది. పాలు కారుతున్న చేత్తోనే తల్లిని ముందుకు లాగింది.

"అత్తమ్మా, మా అమ్మ గీమె!" అని తల్లి వైపు తిరిగింది. "ఒట్టు తీసేసిన. జర ఏడువ్వే అమ్మా!" అంటూ తానే భోరుమంది.

"ఊకో బిడ్డా, వీడియో తీస్తున్నరు, కాటుక కారుతది," అని నాంచారమ్మ కూతురి ముఖం తుడిచింది.

వెనక నుంచి పరశురాములు అన్నాడు, "ఓరి దేవుడా, ఇది తల్లిని మించిన నాంచారం!"

కల్పన ఏడుస్తూనే నవ్వింది. తల్లి చెయ్యి వదలలేదు. అప్పుడు ఏడుపు అందుకుంది నాంచారమ్మ. కోదాడ వ్యాను కదిలేసరికి పొద్దు గుంకింది.