ట్యాంకుకు పోసిన ఒడిబియ్యం

ఎడమ చేయి స్టెప్నీ టైరు మీద, కుడి చేయి గుండె మీద పెట్టి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్లు ఈ పాటికే నవ్వుతుంటారు. నవ్వనీ.

పటాన్‌చెరు సర్వీస్ రోడ్డు పక్కన నాది కార్ల రిపేరు షెడ్డు. మా అమ్మాయి మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. షిఫ్టు దిగి వచ్చి, మూలన పడున్న ఒక పాత చిన్న కారును నాతో కలిసి రేసు ట్రాకుకు తయారుచేసింది. వెనక సీటు పీకేశాం, కార్పెట్ పీకేశాం, ఏసీ పీకేశాం. చివరికి అదెంత తేలికైందంటే, హైవే మీద కంటైనర్ లారీ పోతే ఆ గాలికి షెడ్డులో నిలబెట్టిన బండి జానెడు పక్కకు జరిగేది.

కిరాయికి ట్రాక్ ఇచ్చే చోట బండ్లను నిదానం గుంపు, వేగం గుంపు అని విడదీస్తారు. వాళ్లు పెట్టిన సమయంలోపు ఒక్క చుట్టు పూర్తిచేస్తేనే వేగం గుంపులోకి తీసుకుంటారు. అమ్మాయికి ఉన్నది అదొక్కటే కోరిక. అంతకుముందు వెళ్లిన ప్రతిసారీ రెప్పపాటు తేడాతో పోగొట్టుకుని వచ్చింది.

అందుకే ఈసారి ముందురోజే పెట్రోల్ కొలిచి పోశాను. ఎక్కువైతే బరువు. తక్కువైతే ఇంకో తంటా: పావు ట్యాంకు కిందికి పడిందా, పొడవాటి మలుపులో పెట్రోలంతా ఒక పక్కకు ఒరుగుతుంది, పంపు గాలి పీలుస్తుంది, ఇంజన్ దగ్గుతుంది. సగానికి కాస్త తక్కువ పోసి, మూత బిగించి, హాయిగా పడుకున్నాను.

తెల్లారి బండిని డీసీఎం వ్యానులో ఎక్కించి తెచ్చే పని నా బామ్మర్దిది. ట్రాక్ దగ్గర దింపి తాళం తిప్పితే పెట్రోల్ ముల్లు ఫుల్ వైపు చిట్టచివరి గీత మీద నిలబడింది.

"ఏందిరా ఇది?"

"ఫుల్లు కొట్టిచ్చిన బావా!" అన్నాడు మీసం దువ్వుతూ. "నువ్వేమో సగం గూడ పొయ్యలె. మేనకోడలు గింత పెద్ద పని మీద పోతుంటే ఖాళీ ట్యాంకుతోని సాగదోలుతరా? ఒడిబియ్యం పోసినట్టు నిండుగ పోపిచ్చిన."

మా దిక్కున ఆడపిల్లను పుట్టింటి నుంచి పంపేటప్పుడు కొంగు నిండా బియ్యం పోస్తారు. వాడు అదనంగా పోయించినదాని బరువు కూడా ఒక చిన్న బియ్యం సంచంత. సీటు పీకి మేం తగ్గించిందంతా బంకులో నింపుకొచ్చాడు. వాడి ఏడు తరాలనూ తిడదామనుకున్నాను గానీ, ఆ తరాలే నా భార్యవి కూడా కాబట్టి నోరు మూసుకున్నాను.

తోడేద్దామంటే ట్రాక్ వాళ్లు ఒప్పుకోరు. అక్కడ పెట్రోల్ పోయాలన్నా ఇంజన్ ఆర్పి, డ్రైవర్ దిగి, మంట ఆర్పే సిలిండర్‌తో పక్కన ఒక మనిషి నిలబడాలి.

"ఊకో బాపూ," అంది అమ్మాయి. "మామ ప్రేమతోని పోపిచ్చిండు. ట్రాక్ మీదికి మూడుసార్లు ఇడుస్తరు గదా. ముందుగాల రెండుసార్లు తాగిపిస్త. ఆఖరుకు ఉరికిస్త."

అలాగే చేసింది. పొద్దున రెండు విడతలూ చిన్న గేరులోనే ఇంజన్‌ను అరిపిస్తూ తిప్పింది. పక్కన తళతళలాడే జర్మనీ కారు కుర్రాడు ఉండబట్టలేక అడిగాడు.

"అంకుల్, మీ బండి లొల్లి బాగనే చేస్తుంది గాని ఉరుకుతలేదేంది?"

"టిఫిన్ జేస్తున్నది బాబూ. తిన్నంక సూడు."

మధ్యాహ్నం చివరి విడతకు ముల్లు పావు గీతకు కాస్త పైన ఉంది. బండి తేలికైంది. కానీ ఇంజన్ దగ్గేలోపు చేతిలో ఉన్నవి కొన్ని చుట్లే. నేను గోడ దగ్గర ఎర్ర తువ్వాల పట్టుకుని, చుట్టుకు ఎంత తాగుతుందో మనసులో లెక్కేస్తూ నిలబడ్డాను. అమ్మాయి జర్మనీ కారును పొడవాటి మలుపులో దాటేసింది. ఆ తర్వాతి చుట్టు కాగానే ఇక వచ్చేయమని తువ్వాల ఎత్తాను. అది చూసి ట్రాక్ వదిలి, బండ్లు ఆపే చోటుకు లోపలికి తిరిగింది. సరిగ్గా ఆ తిరుగుడులో ఇంజన్ ఒక్కసారి దగ్గింది. చుట్టు సమయం చూసుకుని ట్రాక్ మనిషి వచ్చి అద్దం మీద వేగం గుంపు స్టిక్కర్ అంటించాడు.

ఇప్పుడు నిజం చెప్పాలి. తువ్వాల నా కల్పన. ఆ సమయానికి నేను చూసే ధైర్యం లేక డీసీఎం వెనక నీడలో బామ్మర్దితో కలిసి సర్వపిండి తింటున్నాను. లెక్క తనే వేసుకుంది, తనే లోపలికి తిరిగింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది.

"ఎక్కిన బాపూ! సూసినవా?"

"సూడకుంటె ఎట్ల బిడ్డా," అన్నాను, నోటి నిండా సర్వపిండితో.

"అంత నా పెట్రోల్ మహిమ," అన్నాడు బామ్మర్ది.

కంటైనర్ లారీ గాలికి బండి జరగడం మాత్రం నిజం.