నాలుగో తలుపు మీది కొమ్మ

దయ్యాలనగానే నాకు నవ్వొస్తుంది. సమాధుల పక్కన ఒక్కణ్ణే కూర్చుని గోడల మీద ప్రకటనలు రాసిన మనిషిని. అందుకే నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది చెప్తాను.

హైదరాబాదు ఛత్రినాకలో నేను బోర్డులు రాసే పెయింటర్‌ని. ఫ్లెక్సీలొచ్చి నా పనిని మింగేశాయి. ఇంకొక్క పని చూస్తాను, అదీ చెడితే కుంచె అటకెక్కించి జల్‌పల్లిలో బావమరిది సిమెంటు దుకాణంలో కూర్చుంటానని ఇంట్లో మాటిచ్చాను.

ఆ ఒక్క పని ఫలక్‌నుమాలో దొరికింది. ఒక డాక్టరమ్మ రెండు గదుల మధ్య జపాన్ పద్ధతిలో పక్కకు జరిపే కాగితపు తలుపులు పెట్టించుకుంటోంది. నాలుగు తలుపులు. బంగారు రంగు పూత మీద ఒకే పైన్ కొమ్మ నాలుగింటి మీదుగా సాగాలి, పైన కొంగలు ఎగరాలి.

నా గది ఇరుకు. అంచుకు అంచు కొలుచుకుంటూ ఒక్కో తలుపే గీశాను. ముందు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి వచ్చేలా, వెనకవైపు వరసగా నంబర్లు వేశాను. నాలుగో తలుపు కుడి అంచుకు రాకముందే కొమ్మ అయిపోతుంది. అక్కడ ఉత్త బంగారు రంగే వదిలాను. అప్పగించే ముందు ఫొటో కూడా తీసుకున్నాను.

బిగించింది వడ్రంగి యూసుఫ్ భాయ్. కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ చదువుకున్న మనిషి కదా, ఒకటో నంబరును కుడివైపు పెట్టేశాడు. నేను వెళ్లేసరికి డాక్టరమ్మ వచ్చే వేళయింది.

"ఒకటి ఎడమ దిక్కు భాయ్! కొమ్మంతా తెగిపోతది. నా పని ఖతం!" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"ఏడ తెగింది అన్నా? జర ఎన్కకు జరిగి చూడు."

చూశాను. కుడి నుంచి ఎడమకు ఒకే కొమ్మ. ఏ అంచు దగ్గరా తెగలేదు. కొంగలు ఇంటికి తిరిగొస్తున్నట్టున్నాయి. నా బొమ్మకు నేనే దండం పెట్టాలనిపించింది.

దగ్గరికెళ్లి, ఇప్పుడు ఎడమ చివరకొచ్చి మూడోదాన్ని ఆనుకున్న నాలుగో తలుపు కుడి అంచు చూశాను. నేను ఖాళీగా వదిలిన చోట కొమ్మ ఉంది. అప్పగించే ముందు తీసిన ఫొటో ఫోన్‌లో చూస్తే, అందులో లేదు. తడిమితే రంగు ఎప్పుడో ఆరినట్టుంది. యూసుఫ్ భాయ్‌కి పెన్సిల్ గీత తప్ప కుంచె పట్టడం రాదు.

నా వరసలోకి మార్చి చూద్దామన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టకు అన్నా. గిట్లనే ఉండనియ్యి."

డాక్టరమ్మ వచ్చి కొమ్మ వెంబడే కుడి నుంచి ఎడమ దాకా నడిచింది. జపాన్‌లో ఇలాంటి బొమ్మ కుడి నుంచే మొదలవుతుందట. నాకు చెప్పడం మర్చిపోయిందట. "మీకెట్ల తెలిసింది?" అని అడిగింది. నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

కుంచె అటకెక్కలేదు. అటువైపు వెళ్తే ఇప్పటికీ డాక్టరమ్మ ఇంట్లో ఆ తలుపు ముందు ఆగుతాను. ఆకుల కొసలను కాస్త విదిలించి వదలడం నా అలవాటు. ఆ అంచులోనూ అలాగే ఉన్నాయి. చెయ్యి నాదే. ఎప్పుడు గీశానో మాత్రం నాకు తెలియదు.