బోర్డుకెక్కని వార్త

మా అమ్మాయి బడి నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఇంటి విశేషాలు పంపమని. అప్పుడే ఆ గ్రూపులో ఎవరో తమ కొత్త కారు ఫోటో పెట్టేశారు. అది చూడగానే తొంభైల నాటి మా సూరత్ తెలుగు హైస్కూలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అక్కడ ప్రతి శనివారం తెలుగు సారు బోర్డు మీద వార్తలు రాసేవారు. ఒక పక్క కబడ్డీలో గెలిచినవాళ్ళ పేర్లు, ఇంకో పక్క పిల్లల ఇళ్ళలోని శుభవార్తలు. ఒక శనివారం నేనూ చెయ్యెత్తాను.

"సార్, మా బాపుకు దిన్‌పాళీ దొరికింది! ఇంక పగలే పని!"

"ఇదీ ఒక వార్తేనా? కూర్చో," అని నవ్వి, ఎవరో కలర్ టీవీ కొన్న సంగతి రాశారు.

బాపు మగ్గాల కార్ఖానాలో ఏళ్ళ తరబడి రాత్రంతా పనిచేసి, పగలు పడుకునేవాడు. మాది ఒకటే గది. ఆయనకు మెలకువ వస్తుందని మేం సైగలతోనే కొట్లాడుకునేవాళ్ళం. నాన్నలందరూ పగలే నిద్రపోతారని, సారు పిల్లలు కూడా ఇంట్లో సైగలే చేస్తారని నా నమ్మకం. మరి అంతా తెలిసిన మనిషి అలా నవ్వడమేమిటి? నా నమ్మకం తప్పని తర్వాత తెలిసింది. కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి, గడపలోనే నిలబడి సారును తిడుతూ గొంతు చించుకున్నాను. మేం అవ్వ అని పిలిచే అమ్మ అలవాటుకొద్దీ పెదవుల మీద వేలు పెట్టింది. అంతలో మూలన చుట్టిపెట్టిన బాపు చాప చూసి, మెల్లగా వేలు తీసేసింది.

"ఇంక గట్టిగనే మొత్తుకో బిడ్డా. ఇంట్ల పండుకున్నోళ్లు ఎవ్వరు లేరు."